సగం చక్కెర, సగం గ్యాసు

అమెరికాలోని షాంటిలీలో బ్రహ్మయ్య ఇంటి బేస్‌మెంట్‌లో ఐదు గ్యాలన్ల బీరు తయారై కూర్చుంది. దానికి అన్నీ అమిరాయి. రంగు వచ్చింది, వాసన వచ్చింది, గొంతు దిగాక ఓ క్షణం ఆగి పలకరించే చేదు కూడా వచ్చింది. రానిదల్లా బుడగలు. బుడగల్లేని బీరును గ్లాసులో పోస్తే నురగా లేక, చురుకూ లేక చల్లారిన కషాయంలా పడి ఉంటుంది. దానిలోకి గాలి ఎలా ఎక్కించాలన్న సంగతి మీద ఆ ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు, అందరూ పిల్లల్ని కాలేజీలకు పంపి ఊపిరి పీల్చుకున్నవాళ్ళు, పదహారు రోజులు వాదించుకుని, ఆ పైన నాలుగు రోజులు పలకరించుకోవడం మానేశారు.

బ్రహ్మయ్యకు యాభై ఒకటి నిండాయి. అతను చదివింది షుగర్ టెక్నాలజీ. అలాంటి చదువు ఒకటుందని పెళ్ళిచూపుల్లో మామగారికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తణుకు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చక్కెర తీశాక మిగిలే మడ్డిని, అంటే మొలాసిస్‌ను, పులియబెట్టే విభాగంలో రెండేళ్ళు పనిచేశాడు. పెద్ద పెద్ద తొట్లలో నురగ పొంగుతున్న తీరు చూసి, లోపల ఈస్ట్ ఆకలిగా ఉందో కడుపు నిండి ఉందో చెప్పగలిగేవాడు. ఇంతలో రాష్ట్రమంతా కంప్యూటర్ల మీద పడింది. అతనూ పడ్డాడు. అమీర్‌పేటలో తొంభై రోజులు నేర్చుకున్న విద్యతో అమెరికా వచ్చి, పాతికేళ్ళుగా ఒక కాంట్రాక్టు కంపెనీలో రిపోర్టులు తయారుచేస్తున్నాడు. రిపోర్టు మొదటి పేజీలో డైరెక్టరు పేరుంటుంది. రెండో పేజీలో మేనేజరు పేరుంటుంది. బ్రహ్మయ్య పేరు కూడా ఉంటుంది. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్ అన్న మాట మీద మళ్ళీ నొక్కితే కనిపిస్తుంది. పాతికేళ్ళలో ఎవరూ నొక్కలేదు.

ఏడేళ్ళ కింద అతను బేస్‌మెంట్‌లో బీరు కాయడం మొదలుపెట్టాడు. అందరూ చేసే బార్లీ బీరుతో తృప్తిపడక రాగుల మీద పడ్డాడు. రాగుల్ని రాత్రంతా నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి మొలకెత్తించి, గదిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ పక్కన నీడలో ఆరబెట్టి, ఇనుప మూకుడులో దోరగా వేయించేవాడు.

"మన పిల్లకి రాగిజావ పెట్టిన రోజుల్లో ఒక్క పూటైనా మూత తీసి చూశారా? ఇప్పుడు వీటికి జోలపాడుతున్నారు," అనేది భార్య శశికళ మెట్ల మీద నిలబడి.

మొదటి విడత తడిసిన కుక్క వాసన వేసింది. నాలుగోది పుల్లటి గంజిలా వచ్చింది. ఎనిమిదోది ఫరవాలేదు. పదకొండోది బయటికొచ్చిన రోజు బ్రహ్మయ్య మెట్ల మీద ఒక్కడే కూర్చుని గ్లాసు ఖాళీ చేశాడు. తర్వాత చాలాసేపు గ్లాసు అడుగున మిగిలిన నురగ వైపు చూస్తూ ఉండిపోయాడు. అమెరికా వచ్చాక ఇంత మంచి రిపోర్టు తాను తయారుచేయలేదనిపించింది.

ఆ పదకొండో విడతే అతని కొంప ముంచింది. తలా ఒక వంటకం పట్టుకొచ్చే ఒక పాట్‌లక్ విందులో దాన్ని కోటేశ్వరరావు రుచి చూశాడు.

నలుగురు తెలుగువాళ్ళు ఒకేచోట ఒకే వస్తువును మెచ్చుకున్నాక దానికో సంఘం పుట్టకపోతే అమెరికాలో అనుమానంగా చూస్తారు. వారం తిరిగేసరికి షాంటిలీ తెలుగు బ్రూయర్స్ సమితి వెలిసింది. నియమావళి నాలుగు పేజీలు. సభ్యులు నలుగురు. నలుగురికీ పదవులు. కోటేశ్వరరావు అధ్యక్షుడు; అంతకుముందు మూడు తెలుగు సంఘాలకు అధ్యక్షత వహించి, వాటిని ఆరు సంఘాలుగా చూసినవాడు. శ్యామ్‌సుందర్ కాబోయే అధ్యక్షుడు. హైదరాబాద్‌లో పెరిగినవాడు, ఏ వస్తువైనా ముందు కొని తర్వాత అవసరం వెతుక్కునే రకం. రఘు కార్యదర్శి, కరీంనగర్ వాడు, నియమావళి మొత్తం చదివిన ఒకే ఒక్కడు. బ్రహ్మయ్యకు సాంకేతిక సలహాదారు పదవి దక్కింది. బీరు కాయడం, వడగట్టడం, బాటిళ్ళు కడగడం ఆ పదవి బాధ్యతలు.

ఆగస్టు చివర్లో ఊళ్ళోని అమెరికన్ బ్రూయర్ల క్లబ్బొకటి ఇంట్లో కాచే బీర్లకు పోటీ ప్రకటించింది. అరుదైన ధాన్యాలకు ప్రత్యేక విభాగం ఉంది. అధ్యక్షుడు సమితి తరఫున ఆన్‌లైన్‌లో ఫారమ్ నింపి, ప్రింట్ తీసి, అందరికీ చూపించాడు. బ్రూయర్, అంటే బీరు కాచినవారు, అన్న గడిలో కోటేశ్వరరావు అని ఉంది. సహాయ బ్రూయర్లు అన్న గడిలో శ్యామ్‌సుందర్, రఘు, బ్రహ్మయ్య అని ఉంది.

"ఆర్డర్ గురించి ఎవరూ ఏమీ అనుకోకూడదు. పదవుల ప్రకారం వేశాను," అన్నాడు కోటేశ్వరరావు.

"బాగుందండీ," అన్నాడు బ్రహ్మయ్య.

ఇంటికెళ్ళాక శశికళ అదే అడిగింది. "మొదటి గడిలో మీ పేరు ఉండొద్దా? రాగులు మొలకెత్తించింది ఆయనా?"

"అడుగుతాలే."

"ఎప్పుడు?"

బ్రహ్మయ్య బేస్‌మెంట్ మెట్లు దిగాడు. కానీ ఆ గడి అతని కళ్ళముందే ఉండిపోయింది. బహుమతి వస్తుందో రాదో అతనికి అక్కర్లేదు. ఒక్కసారి, ఒక్క కాగితం మీద, తాను చేసిన పని ఎదురుగా మొదటి గడిలో తన పేరు ఉండాలి. యాభై ఒక్కేళ్ళవాడు ఇలాంటి కోరిక పైకి చెప్పుకోవడం కష్టం. ఆఫీసులో మేనేజరు ముందు అలవాటైన మౌనం బేస్‌మెంట్‌లో కూడా అలాగే పనిచేసింది.

ఈలోగా బుడగల తగువు మొదలైంది.

బీరుకు గాలి ఎక్కించే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది చక్కెర దారి. బాటిల్‌లో కొలిచిన చక్కెర నీళ్ళు కాసిని కలిపి మూత బిగిస్తారు. బీరులో మిగిలి ఉన్న ఈస్ట్ ఆ చక్కెరను తిని గ్యాసు వదులుతుంది. మూత ఉంది కాబట్టి ఆ గ్యాసు ఎటూ పోలేక బీరులోనే కరుగుతుంది. మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాలి. మనవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పని అదే. రెండోది గ్యాసు దారి. బీరును స్టీలు పీపాలో పోసి, చల్లగా ఉంచి, సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. వారంలో సిద్ధమవుతుంది. అప్పుడు బాటిళ్ళలో నింపుకోవచ్చు. బాటిల్‌కో చక్కెర బిళ్ళ వేసే మూడో దారి కూడా ఉంది గానీ, దానికి సమితిలో నాయకుడెవరూ లేకపోవడం వల్ల చర్చకు రాలేదు.

శ్యామ్‌సుందర్ దగ్గర సిలిండర్ ఉంది. పీపా ఉంది. మెరిసే ఇత్తడి రెగ్యులేటరూ, దాని మీద గడియారంలాంటి గేజీ ఉన్నాయి. కొని ఎనిమిది నెలలైంది, ఒక్కసారీ వాడలేదు.

"గ్యాస్ అంటే కంట్రోల్ బ్రో," అన్నాడు సమావేశంలో. "నంబర్ సెట్ చేస్తే అంతే. చక్కెర అంటే దేవుడి మీద భారం వేసినట్టు. ఒక బాటిల్ బాగుంటది, ఒకటి ఫ్లాట్ ఉంటది. కాంపిటీషన్‌లో గ్యాంబ్లింగ్ చేస్తామా?"

"అన్నా, గ్యాస్ కొట్టుడంటే సోడాబండి పని," అన్నాడు రఘు. "మనం బీరు చేస్తున్నమా, గోలీసోడా చేస్తున్నమా? చక్కెరేస్తే అదే మెల్లగ అయితది. సహజంగ ఉంటది. గా సిలిండర్ నీ గరాజ్‌ల ఖాళీగ ఉన్నదని మా బీరు మీద ప్రయోగాలు చెయ్యకు."

"మీ బీరా? ఎప్పటినుంచి బ్రో?"

బ్రహ్మయ్య బాటిళ్ళు కడుగుతున్నాడు. అతనికి సమాధానం తెలుసు. ఈ బీరుకు చక్కెర దారే తగినది. రాగి వాసన సున్నితమైనది, మూడు వారాలు బాటిల్‌లో నిదానంగా ఊరితేనే పైకి వస్తుంది. ఎన్ని గ్రాములు వెయ్యాలో కూడా తెలుసు. రెండేళ్ళు ఫ్యాక్టరీలో, ఏడేళ్ళు బేస్‌మెంట్‌లో అదే పని. కానీ అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగని అభిప్రాయం చెప్పడం అతనికి ఎన్నడూ చేతకాలేదు.

అధ్యక్షుడు వాట్సాప్‌లో పోల్ పెట్టాడు. చక్కెరకు రఘు, బ్రహ్మయ్య. గ్యాసుకు శ్యామ్‌సుందర్, కోటేశ్వరరావు. కోటేశ్వరరావుకు బుడగల మీద ప్రత్యేకమైన అభిప్రాయం ఏదీ లేదు. కాబోయే అధ్యక్షుడిని నొప్పించకూడదన్నది ఆయన రాజనీతి. రెండు, రెండు. సమాన ఓట్లు వస్తే అధ్యక్షుడికి ఇంకో ఓటు ఉంటుందని కోటేశ్వరరావు అన్నాడు. నియమావళి మూడో పేజీలో అలా లేదని రఘు ఫొటో తీసి పెట్టాడు. శ్యామ్‌సుందర్ నవ్వే బొమ్మ ఒకటి పంపాడు. దానితో రఘు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఒరిజినల్ షాంటిలీ తెలుగు బ్రూయర్స్ సమితి అని కొత్త గ్రూపు వెలిసింది. అందులో రఘు ఉన్నాడు. అడగకుండానే చేర్చబడిన బ్రహ్మయ్య ఉన్నాడు. రెండు సంఘాలకూ సాంకేతిక సలహాదారు ఒక్కడే. రెండు సంఘాలకూ బీరు ఒక్కటే. అది అతని బేస్‌మెంట్‌లో, రెండు వర్గాల మధ్య, బుడగల్లేకుండా ఎదురుచూస్తోంది.

ఆదివారం పొద్దున కోటేశ్వరరావు ఇంటికొచ్చాడు. శశికళ పెసరట్టు పెట్టింది. రెండో పెసరట్టు సగంలో ఆయన అసలు విషయానికి దిగాడు.

"బ్రహ్మయ్యగారూ, ఇద్దర్నీ కలపాలండీ. నేనొక ఫార్ములా ఆలోచించాను. సగం చక్కెర, సగం గ్యాసు. ఇద్దరి మాటా నిలబడుతుంది. కుదురుతుందా, కుదరదా, ఒక్క ముక్క చెప్పండి."

"లెక్క ప్రకారం కుదురుతుందండీ," అన్నాడు బ్రహ్మయ్య. "కానీ ఇద్దరూ సగం దగ్గర ఆగాలి. ఏ ఒక్కరు ఎక్కువ చేసినా మూత తియ్యగానే బీరంతా బయటికొస్తుంది."

"ఆగుతారు."

"మనవాళ్ళు ఆగరు కోటేశ్వరరావుగారూ."

"మీరు చెబితే ఆగుతారు. టెక్నికల్‌గా మీ మాటకి ఎదురులేదు. మీరు ఊ అన్నారంటే ఇవాళే గొడవ తేలిపోతుంది." ఆయన చట్నీ అద్దుకున్నాడు. "మీకేం కావాలో కూడా చెప్పండి. ఎప్పుడూ నోరు తెరిచి అడగరు మీరు."

బ్రహ్మయ్య టీ కప్పు వైపు చూశాడు. వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. శశికళ వింటోంది.

"ఫారమ్‌లో," అన్నాడు చివరికి. "ఆ మొదటి గడి..."

"ఓ, అదా!" కోటేశ్వరరావు హాయిగా నవ్వాడు. "మీ పేరు పెట్టేస్తాను. అంతేనా? ముందే అడిగుంటే ముందే పెట్టేవాణ్ణి కదండీ!"

ఇరవై రోజులుగా గుండెల మీద మోసిన బరువు, అవతలి మనిషికి చట్నీ అద్దుకునేంత పని. బ్రహ్మయ్యకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ కలిపి, సగం సగం, అనుభవించాడు.

"అయితే ఊ అన్నట్టేగా?"

"ఊ," అన్నాడు బ్రహ్మయ్య.

ఆయన వెళ్ళాక శశికళ కంచం తీస్తూ అంది: "నాకు బీరు గురించి ఏమీ తెలీదు. కానీ మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి?"

"కొలత నేనే ఇస్తాను. కుదురుతుంది."

శ్యామ్‌సుందర్ పీపాను తన గరాజ్ ఫ్రిజ్‌కు తీసుకెళ్ళాడు. బ్రహ్మయ్య వెంట వెళ్ళి, గేజీ అద్దం మీద నల్ల టేపు సన్నగా కత్తిరించి అంటించి, ముల్లు దీన్ని దాటకూడదని చెప్పాడు. "డన్ బ్రో," అన్నాడు శ్యామ్‌సుందర్. రఘు కోసం పిల్లలకు జ్వరం మందు పట్టే ప్లాస్టిక్ సిరంజి ఒకటి వెతికి, దాని మీద మార్కర్‌తో గీత గీసిచ్చాడు. బాటిల్‌కు ఈ గీత దాకానే చక్కెర నీళ్ళు. "సరే అన్నా," అన్నాడు రఘు. రెండు సంఘాలూ విలీనమయ్యాయని కోటేశ్వరరావు సందేశం పెట్టాడు. దానికి నలుగురూ దణ్ణం బొమ్మలు పంపారు.

శనివారం పొద్దున బాటిళ్ళు నింపే కార్యక్రమం. నలభై ఎనిమిది గోధుమరంగు బాటిళ్ళు వరసగా నిలబడ్డాయి. వాటికి కోటేశ్వరరావు నలుగురి ఫొటోలతో లేబుళ్ళు కూడా వేయించి, ముందే అంటించి పంపాడు. పోటీ నిబంధనల్లో బాటిల్ మీద ఏ గుర్తూ ఉండకూడదని ఉంది. జడ్జీలు ఎవరిదో తెలియకుండానే తాగాలి. ఆ సంగతి శుక్రవారం బయటపడింది. నలభై ఎనిమిది బాటిళ్ళనూ వేడినీళ్ళలో నానబెట్టి, నాలుగు ముఖాల్నీ గీకి తీసే పని సాంకేతిక సలహాదారుకు పడింది. కోటేశ్వరరావు మీసం అన్నిటికంటే గట్టిగా అతుక్కుంది.

ముందుగా రఘు బాటిల్‌లోకి చక్కెర నీళ్ళు ఎక్కించాలి. తర్వాత శ్యామ్‌సుందర్ పీపా గొట్టంతో బీరు నింపాలి. చివర బ్రహ్మయ్య మూత పెట్టి యంత్రంతో బిగించాలి. కోటేశ్వరరావు ఫొటోలు తియ్యాలి.

పది బాటిళ్ళు అయ్యేసరికి బ్రహ్మయ్య తలెత్తాడు. పీపా గొట్టంలోంచి బీరు దిగుతున్న తీరు అతనికి నచ్చలేదు. అలవాటైన కన్ను కదా, ఆ ఉరవడి చూస్తేనే తెలిసిపోతుంది. పక్కకు వంగి గేజీ చూశాడు. ముల్లు నల్ల టేపును దాటి, చాలా దూరం వెళ్ళి, స్థిరంగా నిలబడి ఉంది.

శ్యామ్‌సుందర్ అతను చూడటం చూశాడు. గొంతు తగ్గించి, "లైట్ తీసుకో బ్రో. వాడు ఎలాగూ సగం కూడా సరిగ్గా వెయ్యడు. కవర్ చేయాలి కదా," అన్నాడు.

బ్రహ్మయ్య అటు తిరిగాడు. రఘు సిరంజిని గీత పైదాకా పీల్చి, గిన్నెలోకి మళ్ళీ ముంచి, ఇంకొంచెం పీల్చాడు. కళ్ళు కలిసేసరికి ఇబ్బందిగా నవ్వాడు. "గ్యాస్ ఏడ నిలుస్తదన్నా? మూత పెట్టేలోపు సగం ఎగిరిపోతది. అందుకే జర..."

ఆపాలి. ఇప్పుడే ఆపాలి. పీపాలో గ్యాసు కొంత వదిలి, ఈ పది బాటిళ్ళూ పారబోసి, మళ్ళీ మొదలుపెడితే మిగిలిన బీరు దక్కుతుంది. లేదా చక్కెర పూర్తిగా మానేసినా దక్కుతుంది. గంట పని. దాంతోపాటు గంట గొడవ. ఎవరు ముందు మాట తప్పారన్న విచారణ. మళ్ళీ రెండు గ్రూపులు.

బ్రహ్మయ్య నోరు తెరిచాడు.

అప్పుడే కోటేశ్వరరావు ఫోన్ అతని ముఖం ముందు పెట్టాడు. "చూసుకోండి సార్. నిన్ననే మార్చాను. మాటంటే మాటే."

ఫోన్‌లో ఫారమ్ ఉంది. బ్రూయర్ అన్న గడి ఎదురుగా బ్రహ్మయ్య అని ఉంది. కింది గడిలో మిగిలిన మూడు పేర్లూ ఉన్నాయి. అతను ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. రాగుల మూటలు, మూకుడు, కుక్క వాసన కొట్టిన మొదటి విడత, అన్నీ ఆ ఒక్క గడిలో సర్దుకున్నట్టు అనిపించింది. ఎంత చిన్న గడి! అయినా అన్నీ పట్టాయి.

"ఏదో చెప్పబోయారు?" అన్నాడు కోటేశ్వరరావు.

"ఏం లేదండీ," అన్నాడు బ్రహ్మయ్య. పదకొండో బాటిల్ మీద మూత పెట్టి, యంత్రం పిడి కిందికి నొక్కాడు.

మిగిలిన ముప్పై ఏడూ అలాగే బిగించాడు. ఒక్కటీ వంకరపోలేదు. పోటీకి పంపాల్సిన మూడు బాటిళ్ళనూ అధ్యక్షుడు తన దగ్గర భద్రంగా ఉంటాయని పట్టుకెళ్ళాడు.

పదిరోజుల తర్వాత బ్రహ్మయ్య ఒక బాటిల్ తెచ్చి, బట్టలుతికే గదిలో సింకు మీద పట్టుకుని మూత తీశాడు. మూత ఎగిరి డ్రయ్యర్‌కు తగిలింది. నురగ ఎగసి అతని చొక్కాను, కళ్ళద్దాలను, గోడకున్న క్యాలెండర్‌ను తడిపి, తీరిగ్గా కిందికి జారింది. బాటిల్ అడుగున నాలుగు గుక్కలు మిగిలాయి. తాగి చూశాడు. పదకొండో విడత కంటే బాగుంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

దీనికి మందు ఉంది. ప్రతి మూతనూ కొద్దిగా లేపి, బుస్సుమని గ్యాసు కొంత పోనిచ్చి, కొత్త మూత బిగించాలి. వెంటనే కోటేశ్వరరావుకు ఫోన్ చేశాడు.

"ఆ మూడూ ఒక్కసారి తెచ్చివ్వండి. మూతలు లేపి గ్యాసు కాస్త వదలాలి."

"వద్దండీ బాబూ!" అన్నాడు ఆయన. "శ్యామ్‌కి తెలిస్తే నా గ్యాసు తీసేశారంటాడు. మళ్ళీ మొదలు. చల్లగా ఫ్రిజ్‌లో పెట్టాను, అదే అణిగిపోతుంది. అయినా బ్రహ్మయ్యగారూ, పేరు మీదయ్యేసరికి మీకు టెన్షన్ ఎక్కువైంది. అధ్యక్ష పదవిలో నేను ఎన్ని చూశానో! రిలాక్సవ్వండి."

ఎంట్రీ వెనక్కి తీసుకోవచ్చు. ఒక ఈమెయిల్ చాలు. బ్రహ్మయ్య ఆ ఈమెయిల్ రాసి, రెండురోజులు డ్రాఫ్టుల్లో ఉంచి, తీసేశాడు. వెనక్కి తీసుకుంటే గడి కూడా పోతుంది.

అక్టోబరు రెండో ఆదివారం మధ్యాహ్నం ఫలితాలు. ఒక బ్రూవరీ వెనక పెరట్లో చెక్కబల్లలు వేశారు. పక్కన టాకోలనే మెక్సికన్ రొట్టెచుట్టలు అమ్మే బండి. బల్లల కింద కుక్కలు. నలుగురూ వచ్చారు, శశికళ కూడా వచ్చింది. కోటేశ్వరరావు సంచిలో ఒక శాలువా తెచ్చాడు. బహుమతి రాగానే బ్రహ్మయ్యకు కప్పి ఫొటో తియ్యాలని.

అరుదైన ధాన్యాల విభాగం వచ్చింది. మూడో బహుమతి చదివారు, రెండోది చదివారు, మొదటిది చదివారు. ఎవరూ బ్రహ్మయ్య కాదు. చప్పట్లు కొట్టారు. చలిగాలి వీస్తోందని కోటేశ్వరరావు శాలువా తనే కప్పుకున్నాడు.

ఇంతలో ఒక తెల్లావిడ, క్లబ్బు వాలంటీరు, మార్కుల కాగితాలు పంచుతూ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలోని కాగితం ఉబ్బి, ముడతలుపడి, గోధుమరంగు మరకతో ఉంది.

"ఈ రాగి బీరు మీలో ఎవరిది?" అంది ఇంగ్లీషులో. "మూత తియ్యగానే టేబులంతా స్నానం చేసింది. ఇంకో మూడు బీర్ల షీట్లు తడిసిపోయాయి. జడ్జి గారి కళ్ళజోడు ఇంకా జిగటగానే ఉందట." నవ్వుతూనే అంది, కానీ ఎవరిదో తెలిసేదాకా కాగితం ఇచ్చేలా లేదు.

మూడు వేళ్ళు ఒకేసారి లేచి బ్రహ్మయ్య వైపు తిరిగాయి. సమితి పుట్టాక ఏకగ్రీవంగా ఆమోదం పొందిన మొదటి తీర్మానం అదే.

"ఇక్కడ సహాయ బ్రూయర్లు అని ముగ్గురి పేర్లున్నాయే?" అంది ఆవిడ.

"నో, నో," అన్నాడు కోటేశ్వరరావు. "మేం ఫ్రెండ్స్ అంతే. సపోర్ట్ చేయడానికి వచ్చాం. బీరంతా ఆయనదే, మొదటినుంచీ."

"నేనైతే చక్కెర పోసిన, అంతే. అన్న చెప్పినంతే పోసిన," అన్నాడు రఘు తెలుగులో, గాలికి.

శ్యామ్‌సుందర్ టాకోల బండి దగ్గర లైను తగ్గిందని చూడ్డానికి వెళ్ళాడు.

ఆవిడ పెన్ను తీసి మూడు పేర్లూ కొట్టేసి, కాగితం బ్రహ్మయ్య చేతిలో పెట్టి, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించమని చెప్పి వెళ్ళిపోయింది. బ్రహ్మయ్య దాన్ని చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. ఇంకో పావుగంట కూర్చున్నారు. ఆ పావుగంటలో కోటేశ్వరరావు వచ్చే ఏడాది సమితి వైన్ వైపు వెళ్తే ఎలా ఉంటుందని అడిగాడు.

కారులో శశికళ అతని జేబులోంచి కాగితం తీసింది.

"యాభైకి ఇరవై రెండు," అంది. "అబ్బో, కింద చాలా రాశారే." తడికి చెదిరిన అక్షరాలు కూడబలుక్కుంటూ, ఇంగ్లీషును తనకు తోచిన తెలుగులోకి మార్చుకుంటూ చదివింది. "మూత తీశాక మిగిలింది నాలుగు గుక్కలు. ఆ నాలుగు గుక్కలూ ఇవాళ ఈ టేబుల్ మీద మేం తాగినవాటిలో అన్నిటికంటే మంచివి. ఈ ధాన్యం మాకు కొత్త. దీన్ని కాచిన మనిషికి పని క్షుణ్ణంగా తెలుసు. గ్యాసు విషయంలో మాత్రం ఒక్క పద్ధతి ఎంచుకోవాల్సింది. కాచిన మనిషీ, బాటిళ్ళలో నింపిన మనిషీ ఒకరు కాదని మా అనుమానం."

ఆమె గొంతు తేలికపడింది. "చూశారా! మొహాలు చూడకుండానే కనిపెట్టేశారు. ఇది మీరు చెయ్యలేదని వాళ్ళకే తెలిసిపోయింది."

బ్రహ్మయ్య సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాడు.

"అదొక్కటే వాళ్ళు తప్పు రాశారు," అన్నాడు.

"ఏం?"

"ఆ రోజు గేజీ ముల్లు నేను చూశాను శశీ. రఘు సిరంజి కూడా చూశాను. చూసే మూతలు బిగించాను."

శశికళ అతని వైపు తిరిగింది. "చెప్పలేదేం మరి?"

"చెబితే గొడవయ్యేది. గొడవైతే కోటేశ్వరరావు ఫారమ్ మళ్ళీ మార్చేవాడు."

ఆమె కాగితాన్ని మడతపెట్టబోయి, ఆగి, పైన క్లబ్బువాళ్ళు పేర్లతో అంటించిన చీటీ దగ్గర వేలితో మరక తుడిచి చూసింది. మూడు పేర్ల మీద అడ్డంగా గీత. దాని పైన ఒక్క పేరు.

"పేరు మటుకు మీదొక్కటే ఉంది," అంది.

"కోటేశ్వరరావు మాట తప్పే మనిషి కాదు," అన్నాడు బ్రహ్మయ్య.